గోల్ఫ్ రూల్స్ సొంతంగా నేర్చుకుందాం – నాలుగో పాఠం: రాయి, కడీ, పుట్ట, పాము

పోయిన పాఠంలో కోర్సులోని ఐదు భాగాలు చూశాం: హోల్ ఆట మొదలుపెట్టే టీయింగ్ ఏరియా, బంకర్లు (ఇసుక గుంటలు), కుంటలు వాగుల్లాంటివి ఉండే పెనాల్టీ ఏరియాలు, ఆడుతున్న హోల్ తాలూకు గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి), ఇవి పోగా మిగతాదంతా జనరల్ ఏరియా. అవి ఇంకా నోటికి రాకపోతే ఒకసారి వెనక్కి వెళ్లి చదువుకుని రండి. ఇవాళ ఏ చిక్కు వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: బంతి ఏ భాగంలో ఉంది?

ఈ పాఠం చదవటానికి కోర్సు అక్కర్లేదు. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు మనలో చాలామంది ఆడాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. నయాఖిల్లా దగ్గరి కోర్సుకో, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌కో పోయి రావడానికే రోజంతా పడుతుంది. అంత దూరం పోయాక రూల్ తెలియక నిలబడిపోతే టెన్షన్, వెనక వచ్చేవాళ్లకు ఇబ్బంది. ఇవాళ్టి పాఠానికి కావాల్సినవన్నీ ఊరి బయట చెలకలో ఉన్నాయి. పాత బంతి ఒకటి, క్లబ్ ఒకటి పట్టుకుని ఎండ ఎక్కకముందే బయల్దేరండి. పడావు పడ్డ భూమి అయితే ఇంకా మంచిది. రాళ్లు, తుమ్మకంప, పందికొక్కు బొక్కలు, పుట్టలు అన్నీ అక్కడే దొరుకుతాయి.

ఒక అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి. చిక్కు వచ్చినప్పుడు బంతి ముట్టుకోకుండా ముందు నిలబడి చూడండి. ఎందుకో కడీ దగ్గర చెప్తాను.

రాయి

బంతిని ఒక రాయి వెనకాల వేయండి. ఆ రాయి తీయొచ్చా? నేలకు అతుక్కోకుండా, మొక్కలా పెరగకుండా, లోపలికి పాతుకుపోకుండా విడిగా ఉన్న ప్రకృతి వస్తువును లూజ్ ఇంపెడిమెంట్ అంటారు. ఎండుటాకులు, విరిగిన కొమ్మ, మేకపెంటికలు, రాళ్లు అన్నీ ఇందులోకే వస్తాయి. వాటిని కోర్సులో ఎక్కడైనా తీసేయొచ్చు, పెనాల్టీ లేదు. ఇసుక, వదులు మట్టి మాత్రం లూజ్ ఇంపెడిమెంట్ కావు.

రాయి సైజుతో రూల్‌కు పని లేదు. 1999 ఫీనిక్స్ ఓపెన్‌లో 13వ హోల్ దగ్గర టైగర్ వుడ్స్ బంతి ఒక పెద్ద బండరాయి వెనక ఆగింది. ఒక్కడు కదిలించగల రాయి కాదది. చూడటానికి వచ్చిన జనం కొందరు కలిసి దాన్ని పక్కకు దొర్లించారు. అది నేలలో పాతుకుని లేదు కాబట్టి లూజ్ ఇంపెడిమెంటేనని రూల్స్ అధికారి ఒప్పుకున్నారు. ఇవాళ కూడా రూల్ అదే. సాయం తీసుకోవచ్చు, ఆట అతిగా ఆలస్యం కాకూడదు, అంతే.

అదే బండ మన గుట్టల కింద ఉన్నట్టు సగం భూమిలో ఉంటే పలుగు పెట్టి పెకలించే హక్కు మీకు లేదు. వదులుగా ఉందో లేదో తెలుసుకోవడానికి చేత్తో మెల్లగా కదిపి చూడటం తప్పు కాదు. పాతుకుని ఉందని తేలితే వదిలేయండి. ఊడబీకితే స్ట్రోక్ ప్లేలో, అంటే కొట్టిన దెబ్బలన్నీ (స్ట్రోకులు) లెక్కపెట్టే ఆటలో, రెండు స్ట్రోకుల పెనాల్టీ.

చెలకలో ఈ సాధన తప్పకుండా చేయండి. బంతికి ఆనుకుని ఉన్న రాయిని, బంతి కదలకుండా తీయాలి. కదిలిందంటే ఒక స్ట్రోక్ పెనాల్టీ, బంతిని మళ్లీ అదే చోట పెట్టాలి. గ్రీన్ మీద అయితే పెనాల్టీ లేదు, తిరిగి పెడితే చాలు. ఎర్రనేల వాలు మీద ప్రయత్నించి చూడండి. చిన్న గులకరాయి తీసినా బంతి అరంగుళం జారుతుంది. అలా జారేలా ఉంటే రాయిని అక్కడే ఉంచి ఆడటం మేలని నా అభిప్రాయం.

బంకర్‌లో రాయి తీయొచ్చా అని ఇప్పటికీ అడుగుతుంటారు. 2019కి ముందు, లోకల్ రూల్ (ఆ కోర్సు సొంతంగా పెట్టుకున్న రూల్) ఉంటే తప్ప తీయకూడదు. 2019లో రూల్స్ మొత్తం తిరగరాసినప్పటి నుంచి తీయొచ్చు. పాత ఆటగాళ్లు వద్దని వారించినా కంగారుపడకండి. బంతికి సరిగ్గా ముందో వెనకో ఇసుకకు క్లబ్ ఆనించకూడదన్న రూల్ మాత్రం అలాగే ఉంది. 2010 పీజీఏ ఛాంపియన్‌షిప్ చివరి హోల్లో డస్టిన్ జాన్సన్ తానున్నది బంకర్ అని గుర్తించక క్లబ్ ఆనించాడు. రెండు స్ట్రోకులు పడ్డాయి, స్కోరు సమమైనవాళ్ల మధ్య గెలుపు తేల్చే ప్లేఆఫ్‌లో ఆడే అవకాశం పోయింది. ఏ భాగంలో ఉన్నామన్నది ముందు చూసుకోమనేది అందుకే.

కడీ

మన దగ్గర చేను చుట్టూ రాతి కడీలు పాతి తీగ లాగుతారు. కడీ కూడా రాయే, కానీ మనిషి చెక్కి పాతింది. రూల్ దాన్ని వేరే లెక్కలో చూస్తుంది. మనిషి చేసిన వస్తువు అబ్‌స్ట్రక్షన్. కదిలేదైతే తీసేయొచ్చు. కదలనిదైతే, అంటే కోర్సు లోపల పాతిన కడీ, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్, సిమెంటు దారి లాంటివైతే, బంతి పెనాల్టీ ఏరియాలో లేనంతవరకు ఫ్రీ రిలీఫ్, అంటే పెనాల్టీ లేకుండా బంతి జరుపుకునే వీలు, దొరుకుతుంది. మీ బంతికో, నిలబడే చోటుకో, స్వింగ్‌కో అది అడ్డం రావాలి. చూపుకు అడ్డమైతే సరిపోదు.

అవే కడీలు కోర్సు హద్దుగా ఉంటే ఏ రిలీఫూ లేదు. హద్దును చూపే తెల్ల గూటాన్ని స్వింగ్ కోసం పీకినా పెనాల్టీయే.

ఇప్పుడు అసలు మెలిక. ఫ్రీ రిలీఫ్ అంటే మంచి చోటికి జరుపుకోవడం అనుకుంటారు చాలామంది. రూల్ చెప్పేది దగ్గరి చోటు గురించి. అడ్డం పూర్తిగా తొలగిపోయే, హోల్‌కు దగ్గర కాని, అదే భాగంలో ఉన్న అతి దగ్గరి బిందువును వెతకాలి. అక్కడినుంచి ఒక క్లబ్ పొడవు కొలవాలి. పటర్ (గ్రీన్ మీద బంతి దొర్లించే క్లబ్) కాకుండా మీ బ్యాగులోని అన్నిటికన్నా పొడవైన క్లబ్‌తో కొలవాలి. ఆ హద్దులో, హోల్‌కు దగ్గర కాకుండా, మోకాలి ఎత్తునుంచి బంతి వదలాలి, దీన్నే డ్రాప్ అంటారు. బయటికి దొర్లితే మళ్లీ వదలాలి. రెండోసారీ దొర్లితే, రెండోసారి నేలకు తాకిన చోట పెట్టాలి.

చెలకలో ఒక కడీ పక్కన బంతి పెట్టి ఇదంతా చేసి చూడండి. కడీకి ఎడమవైపు చదును నేల, కుడివైపు తుమ్మకంప ఉన్నాయనుకోండి. దగ్గరి బిందువు కుడివైపు తేలితే కంపలోనే డ్రాప్ చేయాలి, నచ్చిన వైపు ఎంచుకునే వీల్లేదు. అలాంటప్పుడు ఫ్రీ రిలీఫ్ తీసుకోకుండా ఉన్నచోటినుంచే ఆడటం నయం. కానీ అప్పటికే బంతి ఎత్తేసి, మనసు మార్చుకుని తిరిగి పెడితే ఒక స్ట్రోక్ పడుతుంది. ముట్టుకోకముందే బిందువు ఎక్కడ పడుతుందో చూసుకోమన్నది ఇందుకే.

బొక్క, పుట్ట, పాము

పందికొక్కు, కుందేలు తవ్విన బొక్క అడ్డమైతే కదలని కడీకి లాగే ఫ్రీ రిలీఫ్ ఉంది. పురుగులు చేసిన బొక్కకు లేదు. చీమలు పోసిన వదులు మట్టిపోగును లూజ్ ఇంపెడిమెంట్‌లా తీసేయొచ్చు. రాయిలా గట్టిపడ్డ చెదపుట్ట అయితే అక్కడ పోటీ నడిపే కమిటీ లోకల్ రూల్ ఏమైనా పెట్టిందేమో ఆట మొదలుకాకముందే అడగండి.

తుమ్మపొద నట్టనడుమ బంతి ఇరుక్కుంది, పక్కనే పందికొక్కు బొక్క కూడా ఉంది. బొక్క చూపించి ఫ్రీ రిలీఫ్ అడగొచ్చా? అడగకూడదు. పొద వల్ల బంతి ఎలాగూ ఆడలేని స్థితిలో ఉన్నప్పుడు బొక్క సాకు చెల్లదు.

పుట్ట దగ్గర పాము కనబడితే సంగతి వేరు. విషపు పాములు, కుట్టే తేనెటీగలు లాంటివాటి ప్రమాదం ఉన్నచోట ఆడమని ఏ రూలూ అనదు. ప్రమాదం లేని దగ్గరి బిందువు చూసుకుని ఫ్రీ రిలీఫ్ తీసుకోవచ్చు. ముళ్లకు ఈ సౌకర్యం లేదు. తుమ్మ, నాగజెముడు ఎంత గుచ్చుకున్నా ఉన్నచోటే ఆడాలి, లేదా ఒక స్ట్రోక్ ఒప్పుకుని ఆడలేని బంతిగా ప్రకటించాలి.

కోతి, కుక్క

ఆగి ఉన్న బంతిని కోతి ఎత్తుకుపోతే పెనాల్టీ లేదు. ఆ బంతి దొరకకపోతే ఇంకొకటి మొదటి చోటే పెట్టాలి. సరిగ్గా ఎక్కడో తెలియకపోతే అంచనా వేయాలి. దొర్లుతున్న బంతి కుక్కకు తగిలి పక్కకు పోతే పోయినచోటినుంచే ఆడాలి. గ్రీన్ మీద కొట్టిన బంతి అలా తగిలితే ఆ స్ట్రోక్ లెక్కలోకి రాదు, మళ్లీ కొట్టాలి.

కోతే తీసుకుపోయిందని ఎవరూ చూడకపోతే? అది జరిగిందని దాదాపు ఖాయంగా తేలాలి. రూల్స్ దానికి 95 శాతం కొలత పెట్టాయి. ఊహ పనికిరాదు. మూడు నిమిషాలు వెతికినా దొరకకపోతే పోయిన బంతే, ఒక స్ట్రోక్ పెనాల్టీతో వెనక్కి వెళ్లి కొట్టాలి.

ఎవరికీ తేలకపోతే

స్ట్రోక్ ప్లేలో మీకూ మీ మార్కర్‌కూ (మీ స్కోరు రాసే ఆటగాడికి) రూల్ తెగకపోతే ఆ హోల్‌ను రెండు బంతులతో ముగించవచ్చు. ఆ పని చేస్తున్నానని, రూల్ ఒప్పుకుంటే ఏ బంతి లెక్కలోకి రావాలో ముందే పైకి చెప్పాలి. స్కోర్‌కార్డు ఇచ్చేముందు కమిటీకి జరిగింది చెప్పాలి. రెండు బంతులకూ ఒకే స్కోరు వచ్చినా చెప్పాల్సిందే, చెప్పకపోతే పోటీనుంచి తీసేస్తారు. ఒక్కో హోల్‌కు గెలుపు తేల్చుకునే మ్యాచ్ ప్లేలో ఈ వెసులుబాటు లేదు.

ఇంటిపని మూడు ప్రశ్నలు. కోర్సు లోపల రాళ్లు పేర్చి కట్టిన గోడ లూజ్ ఇంపెడిమెంటా, అబ్‌స్ట్రక్షనా? బంకర్‌లో బంతిని ఆనుకుని ఎండుకొమ్మ ఉంది, తీస్తుంటే బంతి కదిలింది, ఏం చేయాలి? తేనెతుట్టె చెట్టు కింద పొదలో బంతి ఇరుక్కుంది, ఫ్రీ రిలీఫ్ ఉందా? జవాబులు కాగితం మీద రాసుకోండి, వచ్చే పాఠం మొదట్లో సరిచూద్దాం. ఆ పాఠం పెనాల్టీ ఏరియాలను చూపే ఎర్ర, పసుపు గూటాల గురించి. దానికి నీళ్లున్న కుంట ఒకటి చూసి పెట్టుకోండి.