రాజుగారి విగ్రహం మీద విజ్ఞానసర్వస్వ వ్యాసాన్ని సమీక్షించడం ఎలా?

రాజుల విగ్రహాల మీద వ్యాసాలు చదవడానికి భలే ఉంటాయి. దాచిపెట్టడాలు, దొంగతనాలు, కొలిమిలో పడబోయి ఆఖరి నిమిషంలో తప్పించుకోవడాలు... కథకు లోటుండదు. సమీక్షకు కూర్చున్నవాడికి చిక్కంతా అక్కడే. కథ ఎంత రుచిగా ఉంటే, దాన్ని సరిచూసే ఓపిక మనకు అంత తగ్గిపోతుంది.

లండన్‌లో చేరింగ్ క్రాస్ దగ్గర గుర్రమెక్కి ఉన్న ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్ విగ్రహాన్ని తీసుకుందాం. దాని మీద రాసిన వ్యాసం మీ చేతికొచ్చిందనుకోండి.

మొదటి చదువు: తప్పులు పట్టకండి

ఒకసారి ఊరికే చదివేయండి. ఈ వ్యాసంలో కథానాయకుడు విగ్రహమా, రాజా అన్నది ఒక్కటే చూడండి. సగం పేజీ రాజు పెళ్లిళ్లు, యుద్ధాలతో నిండితే అది దారి తప్పిన వ్యాసం. ఛార్లెస్ పార్లమెంటుతో యుద్ధం చేసి ఓడిపోయాడు, 1649 జనవరిలో తల నరికారు. విగ్రహానికి కష్టాలు ఎందుకొచ్చాయో తెలియడానికి ఇంతే చాలు. మిగతాది రాజు మీద ఉన్న వ్యాసం చూసుకుంటుంది.

తేదీలను కాగితం మీద వేయండి

వ్యాసంలో కనిపించిన ప్రతి సంవత్సరాన్నీ వరుసగా రాసుకోండి. ఈ విగ్రహాన్ని చేయించింది రాజుగారి కోశాధికారి రిచర్డ్ వెస్టన్. 1630లో హ్యూబర్ట్ ల స్యూర్ అనే ఫ్రెంచ్ శిల్పికి పని అప్పజెప్పాడు. పోత పోసింది 1633లో. ఇప్పుడున్న చోట నిలబెట్టింది 1675లో, రాజు కొడుకు రెండో ఛార్లెస్ హయాంలో. అంటే పని మొదలుపెట్టినప్పటి నుంచి నడివీధిలో నిలబడేదాకా 45 ఏళ్లు. వ్యాసం పక్కన ముఖ్య వివరాలిచ్చే సమాచార పెట్టెలో "1675లో చేశారు" అని ఉంటే అది చిన్న తప్పు కాదు, విగ్రహం కథ మొత్తం ఎగిరిపోయినట్టే. చేయించడం, పోత పోయడం, ప్రతిష్ఠించడం వేర్వేరు పనులు, క్రియాపదం దగ్గరే చాలామంది జారిపోతారు.

ఇంకో మెలిక ఉంది. ఇంగ్లండులో 1752కు ముందు అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే రాజు మరణాన్ని అప్పటి కాగితాలు 1648 జనవరి అని చూపిస్తాయి. రెండు పుస్తకాలు ఒక ఏడాది తేడాతో చెబుతుంటే వెంటనే ఒకదాన్ని కొట్టేయకండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల ఘటనేమో చూడండి.

మూలాలు తెరవండి, లెక్కపెట్టకండి

అసలు పని ఇదే. వాక్యం చివర మూలాన్ని చూపే అంకె కనిపించగానే మనసు కుదుటపడుతుంది. నాకూ పడింది. ఒక విగ్రహం వ్యాసంలో ఒకే విషయానికి మూడు మూలాలు చూసి సరే అనేశాను. తర్వాత తీరిగ్గా తెరిస్తే మూడూ ఒకే పాత పుస్తకంలోని పేరాను ఎత్తి రాసినవే. మూడు కాదు, ఒక్కటే సాక్ష్యం.

అంతర్యుద్ధం తర్వాత ఛార్లెస్ విగ్రహాన్ని పగలగొట్టమని జాన్ రివెట్ అనే లోహకారుడికి అమ్మారు. అతను పగలగొట్టకుండా దాచేశాడు. పైగా ఆ విగ్రహం లోహంతో చేసినవని చెప్పి చిన్న చిన్న వస్తువులు అమ్ముకున్నాడంటారు. రాజభక్తులు జ్ఞాపకంగా కొన్నారట, గిట్టనివాళ్లు విజయచిహ్నంగా కొన్నారట. ఇక్కడ ఆగి కథను ముక్కలు చేయండి. విగ్రహం పగలలేదన్నది పక్కా, అది మన కళ్ల ముందే ఉంది. అమ్మకానికి ఏ కాగితం ఆధారం? వస్తువుల వ్యాపారం గురించి మొదట రాసిందెవరు, ఎన్నేళ్ల తర్వాత? ఒక్కో ముక్కకు ఒక్కో ఆధారం అడగండి. "అంటారు" అని రాస్తే బాధ్యత తీరదు, ఎవరంటారో కూడా ఉండాలి.

గుర్రం కాలు

గుర్రం రెండు ముందుకాళ్లూ ఎత్తితే రాజు యుద్ధంలో పోయాడని, ఒకటి ఎత్తితే గాయాలతో పోయాడని, నాలుగూ నేలమీదుంటే సహజ మరణమని ఒక నమ్మకం ఉంది. వ్యాసంలో ఇది కనిపిస్తే మొహమాటం లేకుండా తీసేయమనండి. ఛార్లెస్ గుర్రం ఒక కాలు ఎత్తింది, ఆయన పోయింది వధ్యశిలపై. రోమ్‌లో చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ విగ్రహంలో గుర్రమూ ఒక కాలు ఎత్తింది, ఆయన జబ్బుచేసి పోయాడు.

వర్ణన, లోహం, చోటు

ఆనాటి ఇంగ్లీషులో బ్రాస్ అనే మాట రాగి కలిసిన లోహాలన్నిటికీ వాడేవారు. దాన్ని చూసి "ఇత్తడి విగ్రహం" అని అనువదించేస్తారు, అసలేమో కంచు. అసలుదీ నకలుదీ తేడా కూడా అడగండి. మార్కస్ ఆరీలియస్ అసలు విగ్రహం ఇప్పుడు మ్యూజియం లోపల ఉంది, బయట చౌకులో ఉన్నది నకలు. ఫొటో దేనిదో కింద రాశారా?

విగ్రహం ఎవరిదో ఎలా తెలిసిందన్నది కూడా చెప్పాల్సిందే. మథుర దగ్గర దొరికిన కనిష్కుడి విగ్రహానికి తల లేదు, దుస్తుల మీద చెక్కిన బ్రాహ్మీ అక్షరాల వల్లే పేరు తెలిసింది. ఆరీలియస్ విగ్రహానిది తిరకాసు కథ: మధ్యయుగంలో దాన్ని క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టంటైన్ అనుకోబట్టే కరిగించకుండా వదిలేశారు. పొరపాటే కాపాడింది, కాబట్టి ఆ పొరపాటుకు వ్యాసంలో ఒక పేరా దక్కాలి.

వ్యాఖ్య రాసేటప్పుడు

"మూలాలు బలహీనం" అని రాస్తే రచయితకు టెన్షన్ తప్ప దారి దొరకదు. "మూడో పేరాలో రివెట్ వస్తువులు అమ్మాడన్న వాక్యానికి ఇచ్చిన పుస్తకంలో ఆ పేజీలో అమ్మకం మాటే లేదు, వేరే ఆధారం ఇవ్వండి లేదా ఇది ప్రచారంలో ఉన్న కథ అని చెప్పండి" అని రాయండి. తప్పనిసరిగా మార్చాల్సినవి పైన, మీ అభిరుచి కొద్దీ చెప్పేవి కింద పెట్టండి. రెండూ కలిపేస్తే రచయిత కామాలు సరిచేసి, తేదీలు వదిలేస్తారు.

సవరణలయ్యాక మొదటి పేరాను మళ్లీ చూడండి. లోపల 1633 అని దిద్దినా, పైన పరిచయంలో పాత 1675 అలాగే ఉండిపోతుంది.