అనంతపురం ఎండల్లో కాంపొనోటస్ సెరిసియస్ చీమలను పెంచే విధానం

చీమలను ఇంట్లో పెంచడం గురించి దొరికే సూచనల్లో ఎక్కువ భాగం చలిదేశాల వారు రాసినవి. గూటి కింద కరెంటుతో వేడెక్కే తీగ పరచమని, శీతాకాలంలో కొన్ని నెలలు ఫ్రిజ్‌లో నిద్రపుచ్చమని అవి చెబుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే అనంతపురంలోనో, కర్నూలులోనో, కడపలోనో వాటిని అక్షరాలా పాటిస్తే చీమలు బతకవు. ఇక్కడ పెంచేవారి శ్రద్ధ అంతా గూటిని వేడి నుంచి కాపాడడం మీద, తేమ ఆరిపోకుండా చూడడం మీద ఉండాలి. మన ఎర్రనేలల్లో కనిపించే కాంపొనోటస్ సెరిసియస్ అనే చీమను ఆ శ్రద్ధతో ఎలా పెంచవచ్చో ఇక్కడ వివరిస్తాను.

కాంపొనోటస్ ప్రజాతిలో వెయ్యికి పైగా జాతులున్నాయి. చెట్ల మొదళ్లలో, పెరట్లో తిరిగే పెద్ద నల్ల గండుచీమ కాంపొనోటస్ కంప్రెసస్ వాటిలో ఒకటి, దానిని పెంచినవారు చాలామంది ఉన్నారు. సెరిసియస్ సంగతి వేరు. 1798లో ఫాబ్రిసియస్ అనే కీటక శాస్త్రవేత్త పేరు పెట్టిన ఈ జాతి ఆఫ్రికా నుంచి దక్షిణాసియా వరకు వ్యాపించి ఉంది. 1974లో హోల్‌డోబ్లర్, మోగ్లిష్, మాష్‌విట్జ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఇది తోటి చీమకు దారి చూపే పద్ధతిని వివరించిన తరువాత ఆ ఒక్క విషయంలో దీనికి పేరు వచ్చింది. అయితే దారి చూపే పద్ధతి మీద జరిగినంత పరిశీలన దీని సంసారం మీద జరగలేదు. అందువల్ల దీనిని పెంచేవారు రాసుకునే ప్రతి చిన్న వివరానికీ విలువ ఉంటుంది.

గుర్తుపట్టడానికి రెండు లక్షణాలు చూడాలి. పొట్ట మీద దట్టంగా పరుచుకున్న సన్నని నూగు ఎండలో బంగారు రంగులో మెరుస్తుంది. ఈ ఒక్క లక్షణాన్ని నమ్ముకుంటే పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే కాంపొనోటస్ పేరియస్ పొట్ట కూడా అలాగే మెరుస్తుంది. చీమను పక్కనుంచి చూసినప్పుడు పేరియస్ వీపు ఒకే వంపులో సాగిపోతుంది, సెరిసియస్ వీపు మధ్యలో మాత్రం స్పష్టమైన నొక్కు ఉంటుంది. పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం ఉంటే ఈ తేడా తెలిసిపోతుంది.

గూటిని తవ్వి రాణిని తీయడం తగదు. తవ్వకంలో రాణి దెబ్బతినడం, దొరకకుండా పోవడం, గూడంతా నాశనం కావడం మామూలు. ముంగారు వానలు పడిన తరువాత జత కట్టి నేల మీదకు దిగి, రెక్కలు రాల్చుకుని, గుంత తవ్వడానికి చోటు వెతుక్కుంటూ ఒంటరిగా తిరిగే రాణి కోసం ఓపికగా చూడాలి. శ్రామిక చీమ కంటే పెద్ద ఒళ్లు, ఉబ్బెత్తుగా ఉన్న వక్షం, దాని పక్కల రెక్కలు ఊడిన చిన్న మచ్చలు రాణికి ఆనవాళ్లు. లంకమల, రోళ్లపాడు వంటి అభయారణ్యాల నుంచి, శేషాచలం అడవుల నుంచి అనుమతి లేకుండా ఏ ప్రాణినీ తీసుకురాకూడదు. పొలం గట్టు, ఖాళీ స్థలం, ఇంటి ఆవరణ చాలు. దొరికిన చోటును అప్పుడే రాసిపెట్టుకోవాలి.

రాణికి మొదటి ఇల్లు ఒక గాజు టెస్ట్‌ట్యూబు. మూడో వంతు నీళ్లు పోసి, నీటికి ఆనేలా దూదిని గట్టిగా దించాలి. దూది తడిసి ఉండాలే గాని అవతలికి నీరు కారకూడదు. రాణిని లోపలికి పంపి, మూతి దగ్గర గాలి ఆడేంత వదులుగా మరో దూది ఉండ పెట్టాలి. నీళ్లు నింపేటప్పుడు దూదికి, నీటికి మధ్య గాలి బుడగ మిగలకుండా చూసుకోవడం మన ప్రాంతంలో చాలా ముఖ్యం. మధ్యాహ్నం వేడికి ఆ బుడగ వ్యాకోచించి నీటిని దూది గుండా రాణి ఉన్న వైపుకు నెడుతుంది. పగటికి రాత్రికి ఉష్ణోగ్రతలో తేడా ఎక్కువగా ఉండే రోజుల్లో ఇలా గుడ్లు మునిగిపోతాయి. నీళ్లు తగ్గేకొద్దీ బుడగ పెరుగుతుంది కాబట్టి, సగానికి పైగా నీళ్లు అయిపోయిన ట్యూబును వేసవిలో కొనసాగించకూడదు. కొత్త ట్యూబును మూతికి మూతి ఆనించి, పాతదానిని వెలుతురులో, కొత్తదానిని చీకట్లో ఉంచితే రాణి తనంతట తానే మారుతుంది.

ఇక వేడి సంగతి. ఇంట్లో అన్నిటికంటే చల్లని చోటు నేలకు దగ్గరగా, పడమటి గోడకు దూరంగా ఉంటుంది. పాత ఇళ్లలో కడప బండలతో కట్టిన కింది అర ఇందుకు చాలా అనువైనది, అటకను మాత్రం పూర్తిగా మరిచిపోవాలి. బండ మీద నేరుగా పెడితే నడిచేవారి అడుగుల అదురు ట్యూబుకు తగులుతుంది కనుక కింద నాలుగు మడతలు వేసిన గుడ్డ పరచాలి. మే నెలలో అది కూడా చాలకపోతే, ట్యూబును కొత్త మట్టికుండలో పొడి గుడ్డ మీద పడుకోబెట్టి, కుండ చుట్టూ తడిపిన గోనె కట్టి, పైన మూకుడు కొంచెం ఓరగా పెట్టాలి. మన గాలి పొడిగా ఉండే ఆ నెలల్లో తడి త్వరగా ఆవిరవుతూ కుండలోని వేడిని లాగేస్తుంది. లోపల ఒక చిన్న థర్మామీటరు ఉంచి, 25 నుంచి 30 డిగ్రీల మధ్య నిలిచేలా గోనెను తడుపుతూ ఉంటే సరిపోతుంది. వానాకాలంలో ఇదే కుండ లోపల బూజు పట్టిస్తుంది, అప్పుడు దానిని తీసేయాలి. చలికాలంలో గుడ్లు తగ్గవచ్చు, తిండి తగ్గవచ్చు. అందుకు కంగారుపడి ఫ్రిజ్‌లో పెట్టవలసిన అవసరం మన వాతావరణంలో లేదు.

ఈ ప్రజాతి రాణులు సాధారణంగా మొదటి సంతానం బయటికి వచ్చే వరకు ఏమీ తినవు. ఇక పనికిరాని రెక్కల కండరాలు, ఒంట్లోని కొవ్వు కరిగి వాటికీ పిల్లలకూ ఆహారమవుతాయి. కాబట్టి ఈ దశలో తిండి పెట్టడం, మాటిమాటికీ వెలుతురులోకి తీసి చూడడం రెండూ హానికరమే. కలత చెందిన రాణి తన గుడ్లను తానే తినేస్తుంది. వారానికి ఒక్కసారి, అరనిమిషం చూస్తే చాలు. గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు, అంటే డింభకాలు, పెద్దవయ్యే సమయానికి కడిగి ఆరబెట్టిన సన్నని ఇసుక చిటికెడు ట్యూబులో వేయడం మంచిది, దారం అల్లుకోవడానికి అవి ఇసుక రేణువులను ఆధారం చేసుకుంటాయి. అల్లిన గూడు హిందూపురం సంతకు వచ్చే పట్టుగూడును బియ్యపు గింజంతకు కుదించినట్టు ఉంటుంది. దాని ఒక కొసన నల్లని చుక్క కనిపిస్తే కుళ్లిపోయిందని భయపడనక్కరలేదు. ప్యూపాగా, అంటే గూటిలో కదలకుండా ఉండి చీమగా రూపుదిద్దుకునే దశకు, మారే ముందు డింభకం తన కడుపులోని వ్యర్థాన్నంతా ఒక్కసారిగా విసర్జిస్తుంది, ఆ చుక్క అదే.

మొదటి శ్రామికులు చిన్నవిగా, బెరుకుగా ఉంటాయి. అవి కదలాడడం మొదలైన తరువాత తిండి పెట్టాలి. ఒక పాలు పంచదారకు మూడు పాళ్లు నీళ్లు కలిపి, గోరంత దూదిని అందులో ముంచి పెట్టాలి. ఉత్త చుక్కగా పెడితే చిన్న చీమలు అందులో చిక్కుకుంటాయి. మాంసకృత్తుల కోసం వానాకాలంలో దీపం దగ్గర రాలిన ఉసిళ్లు, మిగతా కాలంలో బొద్దింక పిల్ల ముక్కలు, మిడత తొడలు పనికివస్తాయి. మందు కొట్టిన వేరుశనగ, పత్తి చేలలో దొరికిన పురుగులను ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఈ చీమల పేగు గోడల్లో బ్లాక్‌మానియా అనే బ్యాక్టీరియా నివసిస్తూ కొన్ని అత్యవసర అమైనో ఆమ్లాలను అందిస్తుంది, అందువల్ల కొద్దిరోజులు పురుగు దొరకకపోయినా గూడు తట్టుకుంటుంది. తీపి, నీరు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మిగిలిన పురుగు ముక్కలను మరుసటి రోజే తీసేయాలి. క్రిములను అదుపు చేసే ద్రవాన్ని స్రవించే గ్రంథి అనేక చీమలకు వక్షం వెనుక భాగంలో ఉంటుంది, కాంపొనోటస్‌లో ఎక్కువ జాతులకు అది లేదు కనుక శుభ్రతను తేలికగా తీసుకోకూడదు.

ఈ ప్రజాతికి వడ్రంగి చీమలనే పేరున్నా సెరిసియస్ గూడు కట్టుకునేది నేలలోనే, కాబట్టి చెక్క గూడు అవసరం లేదు. శ్రామికులు పాతికకు చేరిన తరువాత, ఇళ్ల గోడలకు వాడే తేలికపాటి ఏఏసీ ఇటుక ముక్కలో సుమారు సెంటీమీటరు లోతున గదులు చెక్కి, పైన గాజుపలక బిగిస్తే మంచి గూడు తయారవుతుంది. నీటిని ఒక కొసన మాత్రమే పోయాలి. అప్పుడు ఇటుకలో ఒక వైపు తడి, మరో వైపు పొడి, మధ్యలో అన్ని స్థాయిల తేమ ఏర్పడతాయి. చీమలు గుడ్లను ఎక్కడ పేర్చాయి, ప్యూపాలను ఎక్కడికి మోశాయి అని చూస్తే వాటికి ఏది కావాలో అవే చెబుతాయి. అన్నీ తడి కొసన కుప్పపడితే నీళ్లు పెంచాలి, అన్నీ పొడి వైపుకు చేరితే తగ్గించాలి. గాజు మీద నల్లని గుడ్డ కప్పి ఉంచాలి.

గూటికి జోడించే మేత పెట్టె అంచుల లోపలి వైపు టాల్కం పౌడరును సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పూసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనిస్తే చీమలు ఎక్కలేవు. గాలిలో తేమ పెరిగినప్పుడు ఇది పట్టు తప్పుతుంది, మళ్లీ పూయాలి. వంటింటి ఎర్రచీమలు లోపలికి రాకుండా, బెల్లం డబ్బాను కాపాడుకునేందుకు చేసినట్టే పెట్టెను నీళ్ల పళ్లెంలో ఉంచాలి. చీమల సుద్ద, దోమల మందు, ఎగిరే పురుగుల స్ప్రే వాడే గదిలో ఈ గూడు ఉండకూడదు. గాలి ఆడని డబ్బాలో చీమలను కుదుపుకు గురిచేస్తే అవి చిమ్మే ఫార్మిక్ ఆమ్లపు ఆవిరి వాటినే చంపగలదు, ప్రయాణాల్లో ఇది గుర్తుండాలి.

గూడు కుదురుకున్నాక, మేత పెట్టెలో తీపిని ప్రతిసారీ కొత్త మూలలో పెట్టి పగటిపూట గమనించండి. తిండిని కనుగొన్న చీమ గూటికి వెళ్లి, తోటి చీమకు ఆ తీపిని కొంచెం రుచి చూపి, దవడలతో పట్టి కుదిపి, వెనుదిరిగి నిలబడుతుంది. రెండోది తన తల మీది మీసాల వంటి స్పర్శశృంగాలతో దాని పొట్టను, వెనుక కాళ్లను తాకుతూ వెంట నడుస్తుంది. స్పర్శ తెగితే ముందున్నది ఆగి, వెనుకది వచ్చి తాకేదాకా కదలదు. కొత్త గూటికి మారేటప్పుడు కూడా ఇలాగే జంటలుగా నడుస్తాయి కాబట్టి, వాటిని బలవంతంగా కుమ్మరించకుండా వదిలేస్తే ఈ దృశ్యం ఎన్నోసార్లు చూడవచ్చు.

ఒక నోటు పుస్తకంలో మొదటి గుడ్డు, మొదటి డింభకం, మొదటి పట్టుగూడు, మొదటి శ్రామికురాలు కనిపించిన తేదీలను, ఆయా రోజుల కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలతో సహా రాయాలి. ఉష్ణోగ్రత లేని తేదీ మరొకరికి పనికిరాదు. కాంపొనోటస్ రాణులు ఏళ్ల తరబడి బతుకుతాయి కనుక, కొనసాగించలేని పరిస్థితి వస్తే గూడును తెచ్చిన చోటనే వదలాలి గాని, వేరే ఊరికి, వేరే రాష్ట్రానికి పంపకూడదు. సహజంగా చనిపోయిన శ్రామికులను రెండు మూడింటిని 70 శాతం ఆల్కహాలు ఉన్న చిన్న సీసాలో వేసి, దొరికిన ఊరు, తేదీ రాసిన కాగితపు ముక్కను సీసా లోపలే ఉంచాలి. ఆ కాగితం మీద పెన్సిలుతోనే రాయాలి, సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.