ఇంటిపేరు లేని బొమ్మలు

పిల్లల సైన్సు పుస్తకాలకు బొమ్మలు వెతికి ఇచ్చే పని నాది. పేజీలు కట్టే అబ్బాయి వేరే. ఒకసారి ఓ సైట్ నుంచి 43 బొమ్మలు సేవ్ చేసి ఫోల్డర్ అతనికి పంపాను. పది నిమిషాల్లో ఫోన్. "అక్కా, అన్నీ తెల్ల కాగితాల్లా కనిపిస్తున్నాయి. ఇవి బొమ్మలేనా?"

చూస్తే ఆ ఫైళ్ల పేర్ల చివర ఎక్స్‌టెన్షన్ లేదు. అంటే అది ఏ రకం ఫైలో చెప్పే తోక, చుక్కా దాని పక్కన జేపీజీ లాంటి అక్షరాలూ. పేజీలు మర్నాడే ప్రెస్సుకు వెళ్లాలి. ఆ టెన్షన్‌లో అన్ని ఫైళ్ల పేర్ల చివరా డాట్ జేపీజీ తగిలించి తిరిగి పంపాను. కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని మొరాయించాయి. మీరు ఆ తొందర పడకండి.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఎక్స్‌టెన్షన్ నిజంగా లేదా, ఉండీ కనబడటం లేదా? విండోస్ మామూలుగా దాన్ని దాచేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. విండోస్ 10లో ఆ టిక్ వ్యూ ట్యాబ్‌లోనే ఉంటుంది. మ్యాక్‌లో అయితే ఫైండర్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద. ఇది చేయకుండా 'నెమలి' అని కనిపించే ఫైల్‌కు జేపీజీ తగిలిస్తే, దాచిన తోక అలాగే ఉండి 'నెమలి.జేపీజీ.పీఎన్‌జీ' తయారవుతుంది. నా ఫోల్డర్లలో అలాంటివి ఇప్పటికీ దొరుకుతుంటాయి. టిక్ పెట్టాక కూడా పేరు చివర ఏమీ లేక, టైప్ అనే వరుసలో ఉత్త 'ఫైల్' అని మాత్రమే ఉంటే, అప్పుడు నిజంగానే లేదన్నమాట.

ఎందుకు పోయిందంటే, బొమ్మకు పేరు పెట్టేటప్పుడు బ్రౌజర్ రెండు మూడు చోట్ల ఆనవాళ్లు వెతుకుతుంది. వెబ్ అడ్రస్ చివర 'నెమలి.జేపీజీ' అని ఉంటే ఇబ్బందే లేదు. ఇప్పుడు చాలా సైట్లలో అడ్రస్ చివర ఓ ప్రశ్నార్థకం, దాని పక్కన ఏదో ఐడీ నంబరు తప్ప ఏమీ ఉండదు. అప్పుడు బొమ్మతో పాటు సర్వర్ పంపే కంటెంట్ టైప్ అనే చీటీయే ఆధారం. అందులో 'ఇమేజ్/జేపెగ్' అని ఉంటే సరే. 'అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్' అని ఉంటే మాత్రం 'ఇవి ఏవో బైట్లు, ఇంతకంటే చెప్పను' అన్నట్టే. ఇక సేవ్ చేసే పెట్టెలో 'ఆల్ ఫైల్స్' ఎంచుకుని, ఉన్న పేరంతా చెరిపేసి కొత్త పేరు కొట్టి తోకను మన చేత్తో మనమే కత్తిరించుకోవడం కూడా జరుగుతుంది.

ఇప్పుడు అసలు పని. పేరు మార్చినంత మాత్రాన ఫైల్ లోపల ఏదీ మారదు. వెబ్‌పీ అనే వేరే రకం బొమ్మకు జేపీజీ అని తగిలిస్తే ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. కొన్ని ప్రోగ్రాములు పేరును పట్టించుకోకుండా లోపలికి తొంగిచూసి బొమ్మను చూపిస్తాయి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్, అప్లికేషన్ ఫారాలు అంత ఉదారంగా ఉండవు. అందుకే లోపల ఏముందో చూశాకే పేరు పెట్టాలి.

చూడటం తేలికే. ప్రతి రకం బొమ్మా తన మొదటి బైట్లలోనే తనెవరో చెప్పేస్తుంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో నోట్‌ప్యాడ్‌తో తెరవండి. తెరంతా పిచ్చి గుర్తులు వస్తాయి, కంగారు పడొద్దు. మొదటి వరుస ఒక్కటి చూస్తే చాలు. ఏదో గుర్తు పక్కనే పీ, ఎన్, జీ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలుంటే అది పీఎన్‌జీ. మొదట్లోనే జేఎఫ్ఐఎఫ్ అనో ఎగ్జిఫ్ అనో కనిపిస్తే జేపీజీ. జిఫ్ అయితే తన పేరు, దాని వెంటనే 87ఏ లేదా 89ఏ ఉంటాయి. అవి 1987, 1989 నాటి రూపాలకు గుర్తులు. ఆర్ఐఎఫ్ఎఫ్ అని మొదలై కాస్త ఎడంగా వెబ్‌పీ అని ఉంటే అది వెబ్‌పీ. ఎఫ్‌టీవైపీ, దానికి ఆనుకుని ఏవీఐఎఫ్ ఉంటే ఏవీఐఎఫ్. పిచ్చి గుర్తులేవీ లేకుండా చదవగలిగే అక్షరాలే ఉండి, వాటిలో ఎస్‌వీజీ అనే ట్యాగ్ ఉంటే ఎస్‌వీజీ. చూశాక నోట్‌ప్యాడ్‌ను సేవ్ చేయకుండా మూసేయండి. పొరపాటున సేవ్ కొడితే బొమ్మ పాడవుతుంది. నేను ఒకటి అలాగే పోగొట్టుకున్నాను.

మ్యాక్, లినక్స్ వాళ్లకు ఇంత శ్రమ లేదు. టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో, 'ఫైల్' అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, బొమ్మను అక్కడికి లాగి ఎంటర్ నొక్కితే అదేమిటో ఒక వరుసలో చెప్పేస్తుంది.

రకం తెలిశాక ఎఫ్2 నొక్కి, పేరు చివర చుక్క, సరైన ఎక్స్‌టెన్షన్ కొట్టండి. విండోస్ ఏదైనా హెచ్చరిక చూపిస్తే ఎస్ అనండి. బొమ్మలు చాలా ఉంటే ఒక్కో రకాన్నీ ఒక్కో ఫోల్డర్‌లోకి మార్చి, ఆ ఫోల్డర్ అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఆర్ఈఎన్, స్పేస్, నక్షత్రం గుర్తు, చుక్క, మళ్లీ స్పేస్, నక్షత్రం గుర్తు, చుక్క, చివర ఎక్స్‌టెన్షన్, అన్నీ ఇంగ్లిష్‌లో వరుసగా కొట్టి ఎంటర్ నొక్కండి. తోక లేని ఫైళ్లన్నిటికీ ఒక్క దెబ్బతో పేరు పడుతుంది. ముందు ఆ ఫోల్డర్‌కు ఒక కాపీ తీసి పెట్టుకోండి.

వెబ్‌పీ వద్దు, జేపీజీయే కావాలంటే పేరు మార్చడం కాదు, బొమ్మనే మార్చాలి. గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎక్స్‌పోర్ట్ చేయండి. వెనక ఖాళీగా, పారదర్శకంగా ఉండే బొమ్మనైతే పీఎన్‌జీగా మార్చండి, జేపీజీలో ఆ పారదర్శకత ఉండదు. కొందరు బ్రౌజర్‌లోనే కాపీ ఇమేజ్ కొట్టి పెయింట్‌లో అతికిస్తారు. అవసరానికి పనికొస్తుంది కానీ కదిలే జిఫ్ అలా తెస్తే కదలదు.

జేఎఫ్ఐఎఫ్ అనే తోకతో సేవ్ అయిన ఫైళ్లకు భయపడనక్కర్లేదు. అవి జేపెగ్ బొమ్మలే, పేరులో జేపీజీ అని మార్చేస్తే సరిపోతుంది.

మళ్లీ ఇలా జరగకుండా నేను చేసేదేమిటంటే, సేవ్ చేసే పెట్టెలో పేరు చివర తోక ఉందో లేదో చూస్తాను. లేకపోతే ఫైర్‌ఫాక్స్‌లో పేజ్ ఇన్ఫో తెరిచి, మీడియా ట్యాబ్‌లో ఆ బొమ్మ రకం చూసి, నేనే కొడతాను. క్రోమ్ అయితే ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీని రీలోడ్ చేస్తే ప్రతి బొమ్మ పక్కనా రకం కనిపిస్తుంది.

ఆ రాత్రి 43 ఫైళ్లనూ ఒక్కొక్కటే తెరిచి చూశాను. 26 జేపీజీలు, 9 వెబ్‌పీలు, 5 పీఎన్‌జీలు. మిగిలిన మూడింటి మొదటి వరుసలో డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అని ఉంది. అవి బొమ్మలే కావు, వెబ్ పేజీలు. సేవ్ ఇమేజ్ యాజ్ బదులు సేవ్ లింక్ యాజ్ నొక్కానన్నమాట. వాటికి ఏ తోక తగిలించినా లాభం లేదు. సైట్‌కు మళ్లీ వెళ్లి, బొమ్మ పెద్దగా తెరుచుకున్నాక దాని మీదే రైట్ క్లిక్ చేసి తెచ్చుకున్నాను.