పాప్ టెస్ట్‌కి వెళ్లే ముందు, రిపోర్ట్ చేతికొచ్చాక

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌గా మారగల తేడాలను ముందే పట్టుకునేది పాప్ టెస్ట్. నా మొదటి పాప్ టెస్ట్ రిపోర్ట్ కవరు విప్పకుండానే బీరువాలో పెట్టేశాను. నాలుగు నెలలు అలాగే ఉంది. ఏముందో అన్న టెన్షన్‌తో విప్పలేదు, విప్పలేదు కాబట్టి టెన్షన్ తగ్గలేదు. చివరికి చూస్తే అందులో ఉన్నది "ఏఎస్‌సీ-యూఎస్" అన్న ఒక్క మాట, అంటే కణాల్లో కాస్త తేడా కనిపించింది, ఎందుకో తేల్చి చెప్పలేం అని. తర్వాత ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్ ఉందా అని చూసే హెచ్‌పీవీ టెస్ట్ చేస్తే నెగెటివ్ వచ్చింది. నాలాగా ఇంకొకరు కవరు దాచుకోకూడదని మొదటి నుంచీ చెప్తున్నాను.

గర్భసంచి కింది కొస సన్నగా యోనిలోకి దిగుతుంది, అదే ముఖద్వారం, ఇంచుమించు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, వేలికి తగిలితే ముక్కు కొనలా ఉంటుంది. దాని లోపలి పొరలో ఒక రకం కణాలు, బయటి పొరలో ఇంకో రకం. ఆ రెండూ కలిసేచోటే తేడాలు మొదలవుతాయి, పాప్ టెస్ట్‌లో బ్రష్‌తో కణాలు తీసేది కూడా అక్కడి నుంచే.

ముఖద్వారం క్యాన్సర్ దాదాపు అన్నిసార్లూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఈ వైరస్‌లో 200కి పైగా రకాలున్నాయి, కానీ ఈ క్యాన్సర్లలో 70 శాతం దాకా 16, 18 రకాల వల్ల వచ్చేవే. శారీరక సంబంధం ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, ఎక్కువమందికి రెండేళ్లలోపు ఒంట్లోని రోగనిరోధక శక్తే దాన్ని వదిలించేస్తుంది. వదలకుండా ఏళ్లతరబడి ఉండిపోతేనే ప్రమాదం, అది క్యాన్సర్‌గా మారడానికి కూడా మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది, రోగనిరోధక శక్తి బాగా తక్కువగా ఉన్నవాళ్లకి 5 నుంచి 10 ఏళ్లు. ఇంత సమయం ఉంది కాబట్టే టెస్ట్‌తో ముందే పట్టుకోవచ్చు.

హెచ్‌పీవీ పాజిటివ్ అని వచ్చిన రోజే ఇంట్లో అనుమానాలు మొదలుపెట్టకండి. ఈ వైరస్ ఏళ్లపాటు కనపడకుండా ఉండి ఇప్పుడు బయటపడొచ్చు, ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అని ఏ టెస్టూ చెప్పలేదు, కాబట్టి ఆ కాగితం పట్టుకుని భర్తను నిలదీయడానికీ లేదు, భార్యను తప్పుపట్టడానికీ లేదు. దీన్ని ఒకటికి రెండుసార్లు చదవండి, ఎందుకంటే వైరస్ కంటే ఈ అనుమానమే ముందు ఇంటిని పాడుచేస్తుంది.

ఎప్పుడు చేయించుకోవాలి అంటే దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్ట్, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లయితే 25 ఏళ్ల నుంచి, 3 నుంచి 5 ఏళ్లకోసారి. పాప్ టెస్టే అయితే సాధారణంగా మూడేళ్లకోసారి. హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేయించుకున్నా టెస్ట్ మానొద్దు. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే 9 నుంచి 14 ఏళ్ల మధ్యే ఆ వ్యాక్సిన్ వేయించండి, అది రాకుండా ఆపుతుందే గానీ వచ్చిన వైరస్‌ను పోగొట్టదు.

ఇక టెస్ట్ రోజు. పీరియడ్స్ అయిపోయి ఐదారు రోజులు గడిచాక డేట్ పెట్టుకోండి, బ్లీడింగ్ ఎక్కువగా ఉంటే శాంపిల్ సరిగ్గా రాదు. ముందు రెండు రోజులు కలయిక వద్దు, యోనిలో పెట్టే క్రీములు, మాత్రలు వద్దు, లోపల కడుక్కోవడం అసలే వద్దు. పైన పొడవుగా, వదులుగా ఉండే డ్రెస్ వేసుకుంటే కింది బట్టలు మాత్రం తీస్తే సరిపోతుంది, ఆ సిగ్గు, ఇబ్బంది సగం తగ్గిపోతాయి. వెళ్లేముందు బాత్రూంకి వెళ్లి రండి. మొదటిసారి అయినా, కలయికప్పుడు నొప్పి ఉన్నా, గతంలో ఎవరైనా బలవంతం చేసిన అనుభవం ఉన్నా బల్ల ఎక్కకముందే చెప్పండి. చిన్న సైజు స్పెక్యులమ్ వాడమని, నేను ఆపమంటే ఆపాలని అడగడం మీ హక్కు.

స్పెక్యులమ్ అంటే బాతు ముక్కులా రెండు రేకులుండే పరికరం. చల్లగా తగులుతుంది, తెరుచుకునేటప్పుడు టిక్ టిక్‌మని చిన్న చప్పుడు వస్తుంది, ఆ చప్పుడుకే నేను మొదటిసారి బిగుసుకుపోయాను. బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది. నర్సు చెప్పిన చిట్కా నాకు బాగా పనిచేసింది: నడుము బల్లకి బరువుగా ఆనించి, కాలివేళ్లు వదులుగా కదుపుతూ, ఊపిరి నోటితో మెల్లగా వదలాలి. బ్రష్ లోపల తిప్పేది కొన్ని సెకన్లే, పీరియడ్ నొప్పిలా ఒక్కసారి పట్టేసి వదిలేస్తుంది. తర్వాత ఒకట్రెండు రోజులు కొద్దిగా మరకలు కనపడొచ్చు. పరీక్ష అంటేనే భయపడేవాళ్లు స్వయంగా శాంపిల్ తీసుకునే హెచ్‌పీవీ కిట్ ఉందా అని అడగండి, పుల్లలాంటి దాన్ని మీరే లోపల తిప్పి ఇచ్చేయొచ్చు. పాప్ టెస్ట్‌కి మాత్రం అలా కుదరదు.

రిపోర్ట్ వచ్చాక దానిలోని ఆ ఒక్క మాట వెతకండి. "ఎన్‌ఐఎల్‌ఎమ్" అంటే ఏ తేడా లేదు. శాంపిల్ సరిపోలేదు అని ఉంటే మళ్లీ ఇవ్వాలి, అంతే, అది జబ్బు కాదు. "ఏఎస్‌సీ-యూఎస్" సంగతి పైన చెప్పాను. "ఎల్‌సిల్" అంటే వైరస్ ప్రభావంతో వచ్చిన చిన్న మార్పులు, చాలామందిలో వాటంతటవే పోతాయి, కానీ డాక్టర్ రమ్మన్నప్పుడు వెళ్లాలి. "హెచ్‌సిల్" అంటే అంతకంటే పెద్ద మార్పులు, ఇది కూడా క్యాన్సర్ అని కాదు, కానీ దీనికి వాయిదా వద్దు, వెంటనే కాల్పోస్కోపీకి వెళ్లండి. హెచ్‌పీవీ 16 లేదా 18 పాజిటివ్ అయితే పాప్ బాగున్నా కాల్పోస్కోపీ చేస్తారు.

కాల్పోస్కోపీ పేరు పెద్దదిగా ఉన్నా అది భూతద్దంతో చూడడమే, ఆ యంత్రం మీ ఒంట్లోకి రాదు. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆసిడ్ రాస్తారు, కొంచెం చురుక్కుమంటుంది, తేడా ఉన్నచోట తెల్లగా మారుతుంది. అక్కడి నుంచి బియ్యపు గింజ కంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. సిన్ అంటే క్యాన్సర్ కాకముందు కణాల్లో వచ్చే మార్పు, అంకె పెరిగేకొద్దీ మార్పు ఎక్కువ. అందులో సిన్-1 అని వస్తే ఎక్కువసార్లు కనిపెట్టుకుని ఉండడమే, సిన్-3 అయితే వైద్యం చేయాలి, సిన్-2లో వయసును బట్టి, పిల్లలు కావాలా అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. వైద్యం అంటే ఎక్కువగా లీప్, సన్నటి తీగ ఉంగరంతో ఆ భాగం వరకే తీసేస్తారు, మత్తు అక్కడికి మాత్రమే ఇచ్చి అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ముందే చెప్పండి, ఎంత లోతుగా తీస్తారన్నది తర్వాతి గర్భంలో నెలలు నిండకముందే కాన్పయ్యే అవకాశం మీద ప్రభావం చూపుతుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది "గర్భసంచికి పుండు పడింది, తీసేయించుకో" అన్న మాట. చాలాసార్లు ఆ "పుండు" అసలు పుండే కాదు. లోపలి పొర కణాలు బయటి వైపుకి కనపడుతూ ఎర్రగా ఉంటుంది, ఎక్ట్రోపియన్ అంటారు, చిన్న వయసులో, గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు ఇది మామూలే. తెల్లబట్ట కాస్త ఎక్కువ కావొచ్చు, కలయిక తర్వాత చుక్క రక్తం కనపడొచ్చు. టెస్ట్‌లు బాగుండి, ఇబ్బంది లేకపోతే దానికి వైద్యమే అక్కర్లేదు. నాబోథియన్ సిస్ట్‌లు అని రాసినా అంతే, అవి మూసుకుపోయిన చిన్న గ్రంథులు. వీటికోసం గర్భసంచి తీస్తామంటే ఆగి, "పాప్, హెచ్‌పీవీ రిపోర్ట్‌లు ఏమన్నాయి? బయాప్సీ చేశారా? తీయకుండా దారేముంది?" అని అడిగి, రిపోర్ట్‌లు తీసుకుని ఇంకో డాక్టర్‌కి చూపించండి. నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉంటే, ముఖ్యంగా క్లమీడియా, గనేరియా లాంటివైతే, మందులతో తగ్గుతుంది, కానీ భర్తకీ వైద్యం చేయకపోతే మళ్లీ వస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం తర్వాతి టెస్ట్ డేట్ కోసం ఎదురుచూడొద్దు. కలయిక తర్వాత రక్తం, పీరియడ్స్ మధ్యలో రక్తం, ముట్లు ఆగిపోయాక రక్తం, వాసనతోనో రక్తంతోనో కలిసిన తెల్లబట్ట, వీటిలో ఏది కనపడినా పోయినసారి రిపోర్ట్ నార్మల్ అని ధీమాగా ఉండకుండా డాక్టర్‌ని కలవండి.

వైద్యం అయ్యాక తెగిపోయినట్టు కాదు, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ హెచ్‌పీవీ టెస్ట్ చేయించుకోవాలి, ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. నేను ఇప్పుడు ప్రతి రిపోర్ట్‌నీ కవరు విప్పగానే ఫోన్‌లో ఫొటో తీసి, తర్వాతి డేట్‌కి అప్పుడే అలారం పెట్టేసుకుంటున్నాను.