ట్రాన్సమ్ బాగు చేయించాక స్టెర్న్‌డ్రైవ్ బిగించే ముందు జాగ్రత్తలు

కృష్ణలో వరద తగ్గి, కార్తీకం దగ్గరపడితే భవానీ ద్వీపం వైపు బోటు తిప్పాలనే తొందర మొదలవుతుంది. వెనుక గోడను, అంటే ట్రాన్సమ్‌ను, కొత్త ప్లైవుడ్‌తో కట్టించినవారు స్టెర్న్‌డ్రైవ్‌ను, అంటే ఆ గోడ బయట ప్రొపెల్లరుతో ఉండి లోపలి ఇంజిన్‌కు కలిసే డ్రైవును, బిగించే ముందు ఇవి చూసుకోండి.

• మందం. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇక్కడే. మెర్‌క్రూయిజర్ కంపెనీ ఆల్ఫా, బ్రావో డ్రైవులకు గోడ మందం 51 నుంచి 57 మి.మీ. ఉండాలి. లోపలి, బయటి ముఖాల సమాంతరంలో తేడా 3 మి.మీ. దాటకూడదు. ఇంకో పొర ఫైబర్‌గ్లాస్ వేస్తే బలమని మేస్త్రీలు అంటారు. ఆ పొరతోనే ఇంజిన్ ముందుకు జరిగి, డ్రైవు షాఫ్టు పళ్లు కప్లర్‌లోకి, అంటే ఇంజిన్ వెనుక ఆ షాఫ్టును పట్టుకునే భాగంలోకి, సరిపడా దిగవు. కొన్నాళ్లకు కప్లర్ అరిగిపోతుంది, ఇంజిన్ మళ్లీ దించాలి. రంగు వేయకముందే డ్రైవు కోసం కోసిన రంధ్రం చుట్టూ, నాలుగు మూలల్లోనూ క్యాలిపర్‌తో కొలవండి. టేపును నమ్మకండి.

• రంధ్రాల అంచులు. పచ్చి ప్లైవుడ్ కనిపిస్తే ఎపాక్సీ పూయండి, లేదంటే మళ్లీ కుళ్లు.

• అలైన్‌మెంట్ రాడ్డు, అంటే ఇంజిన్ డ్రైవుకు సూటిగా ఉందో లేదో చూసే కడ్డీ. గ్రీజు రాసి కప్లర్‌లోకి దూర్చితే రెండు వేళ్ల బలంతో జారాలి. సుత్తి అవసరమైందంటే ఇంజిన్ ఎత్తు సరిచేయాలి.

• జింబల్ బేరింగు, అంటే ట్రాన్సమ్ దగ్గర డ్రైవు షాఫ్టును మోసే బేరింగు. వేలితో తిప్పితే గరగరమంటే ఇప్పుడే మార్చండి.

• బెల్లోస్, అంటే షాఫ్టు చుట్టూ ఉండే మడతల రబ్బరు తొడుగు. చిన్న పగులున్నా నీరు లోపలికి వస్తుంది. పాతది దాచుకోవద్దు.

• డ్రైవు చివరి అంగుళంలో ఆగితే నట్లతో లాగకండి. పళ్లు కలవలేదన్నమాట, గేరు వేసి ప్రొపెల్లరును కొద్దిగా తిప్పి చూడండి.