బయోఇన్ఫర్మేటిక్స్ అధ్యాపకుల కోసం వెతికేముందు

బయోఇన్ఫర్మేటిక్స్ అంటే జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే రంగం. ఆ అధ్యాపకుల ఉద్యోగానికి ప్రకటన రాయకముందే జీవశాస్త్ర శాఖలో అందరూ కూర్చుని ఒక సంగతి తేల్చుకోండి. మనకు కావలసింది సొంత పరిశోధన చేసే అధ్యాపకులా, మన డేటా చూసిపెట్టే మనిషా? రెండోదే అయితే దానికి వేరే ఉద్యోగం సృష్టించి, ఆ పేరుతోనే పిలవండి. మొదటిసారి మేం ఇది తేల్చుకోలేదు. వచ్చినావిడ రెండేళ్లు మా అందరి ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (కణాల్లో ఏ జీన్లు ఎంత పనిచేస్తున్నాయో చదివే పద్ధతి) ఫైళ్లతోనే సతమతమై, తన పని మొదలుపెట్టకుండానే వెళ్లిపోయింది. ఆమె బల్ల మీద ల్యాబుల పేర్లు రాసి అంటించిన హార్డ్ డిస్కులు వరసగా ఉండేవి. వాటిలో రెండు నావే. ఆ తర్వాత రెండుసార్లు ఎంపిక కమిటీలో కూర్చున్నాను, ఆ బల్లను మాత్రం మరచిపోలేదు.

ప్రకటనలో ఉత్త 'బయోఇన్ఫర్మేటిక్స్' అని రాస్తే అల్గారిథమ్‌లు తయారుచేసేవాళ్లు, ప్రోటీన్ల ఆకృతి చూసేవాళ్లు, కేన్సర్ కణాల జీనోమ్‌ల (మొత్తం డీఎన్‌ఏ) మీద పనిచేసేవాళ్లు అందరూ వస్తారు. వాళ్లను ఒకరితో ఒకరిని పోల్చలేం. ఏ దిశలో కావాలో రాయండి. పీహెచ్‌డీ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలని మాత్రం పట్టుబట్టకండి. ఈ రంగానికి పునాది వేసినవారిలో ఒకరైన మార్గరెట్ డేహాఫ్ పరిశోధన మొదలుపెట్టింది క్వాంటమ్ కెమిస్ట్రీలో. ఆమె బృందమే 1965లో అప్పటికి తెలిసిన ప్రోటీన్ సీక్వెన్సులను (వాటిలో అమైనో ఆమ్లాల వరసలను) ఒకచోట చేర్చి అచ్చువేసింది.

కమిటీలో ఒక స్టాటిస్టిక్స్ మనిషి తప్పనిసరి. నాలాంటి వెట్ ల్యాబ్ (రసాయనాలు, కణాలతో ప్రయోగాలు చేసే) వాళ్లమే కూర్చుంటే రంగురంగుల హీట్‌మ్యాప్ (అంకెలను రంగులుగా చూపే పటం) చూసి తలూపేస్తాం.

పేపర్లు లెక్కపెట్టడం ఇక్కడ మోసం చేస్తుంది. విశ్లేషణంతా చేసిన మనిషి పేరు చాలాసార్లు రచయితల జాబితా నడుమ ఎక్కడో ఉంటుంది. అందుకని మూడు పేపర్లు ఎంచుకుని, ఒక్కోదానిలో తాము చేసిందేమిటో నాలుగు వాక్యాల్లో రాయమని అడగండి. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లయితే, దాన్ని ఎన్నడూ చూడని విద్యార్థి చేత కొత్త కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేయించండి. గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే వెబ్‌సైట్‌లో) ఎవరో ఆ సాఫ్ట్‌వేర్ పని చేయట్లేదని రాస్తే ఎలా జవాబిచ్చారో చదవండి. రేపు విద్యార్థులతో ఎలా ఉంటారో కొంత అక్కడే తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో మేం ఒక చిన్న పట్టిక ఇస్తాం. అందులో కొన్ని జీన్ల పేర్లు ఎక్సెల్ చేతిలో తేదీలుగా మారిపోయి ఉంటాయి (ఈ తలనొప్పి వల్లే 2020లో కొన్ని జీన్ల పేర్లే మార్చారు). అది పట్టుకోవడం తేలిక. అసలు పరీక్ష వేరు. రోగుల శాంపిళ్లన్నీ ఒక రోజు, ఆరోగ్యవంతులవన్నీ ఇంకో రోజు సీక్వెన్స్ చేసినట్టు ఒక కాలమ్‌లో ఉంటుంది. కనిపించే తేడా జబ్బుదో, ఆ రోజుదో విడదీయలేం. ఒకరు చకచకా సరిదిద్ది అందమైన గ్రాఫ్ చూపించారు. ఇంకొకరు కాసేపు చూసి, "ఈ డేటాతో మీ ప్రశ్నకు జవాబు రాదండీ, శాంపిళ్లు మళ్లీ చేయించాలి" అన్నారు. మేం ఎంచుకున్నది ఆ రెండో మనిషినే.

ఆఫర్ ఇచ్చేముందు స్టోరేజీ సంగతి చూడండి. ఒక మనిషి పూర్తి జీనోమ్‌ను 30 రెట్ల లోతులో, అంటే ప్రతి చోటును సగటున 30 సార్లు చదివితే ముడి డేటాయే సుమారు 100 జీబీ ఉంటుంది. సర్వర్ ఎవరిది, బ్యాకప్ ఎవరు చూస్తారు, ఇతరుల ప్రాజెక్టులకు ఎంత సమయం ఇవ్వాలి, ఇస్తే రచయితల్లో పేరు ఎక్కడ ఉంటుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. చేరిన మొదటి ఏడాది హార్డ్ డిస్కు పట్టుకుని వచ్చేవాళ్లను శాఖాధిపతే గుమ్మం దగ్గర ఆపాలి.