మిద్దెతోట పాఠాలు – 4: ఉప్పు తగిలిన నిమ్మచెట్టు

పోయిన పాఠంలో టీడీఎస్ మీటరుతో, అంటే నీళ్లలో కరిగిన ఉప్పు ఎంతుందో చూపే మీటరుతో, నీళ్లు కొలవడం నేర్చుకున్నాం. ఆ ఉప్పును చెట్టు ఎలా తట్టుకుంటుందో చూసి, ఈసారి ఒక స్ప్రే కలుపుదాం.

ముందు నా తప్పు చెబుతాను. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి ఎండాకాలమంతా బోరు నీళ్లే దిక్కు. వంటింటి ఆర్ఓ ఫిల్టరు వదిలే నీళ్లు వృథా ఎందుకని రెండేళ్లు నిమ్మకుండీకి పోశాను. ఆకుల కొసలు మాడాయి. నీళ్లు చాలట్లేదని ఇంకా పోశాను! ఫిల్టరు తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉందని మీటరు పెట్టాకే తెలిసింది. సాఫ్ట్‌నర్ నీళ్లూ చెట్టుకు వద్దు. అది కాల్షియాన్ని తీసి సోడియం పెడుతుంది. మీటరు అంకె పెద్దగా మారదు కాబట్టి మోసపోతాం.

మట్టిలో ఉప్పు పెరిగితే కుండీ తడిగా ఉన్నా వేరు నీళ్లు లాగలేదు. అప్పుడు చెట్టులో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. ఆకులోని ప్రతి రంధ్రానికీ అటూఇటూ రెండు కాపలా కణాలుంటాయి. ఈ హార్మోన్ అందగానే వాటిలోంచి పొటాషియం బయటికి పోతుంది, దాని వెంట నీరూ పోతుంది. కణాలు వదులై రంధ్రం మూసుకుంటుంది. నీరు ఆవిరవడం తగ్గుతుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ కూడా లోపలికి రాదు. అందుకే ఎదుగుదల మందగిస్తుంది. చిగురు రావట్లేదని ఈ సమయంలో ఎరువు గుప్పించకండి. రసాయన ఎరువు కూడా ఉప్పే.

ఉప్పు దెబ్బకు ఇథిలిన్ అనే ఇంకో హార్మోన్ కూడా పెరిగితే ముదురాకులు, పిందెలు రాలుతాయి. ఉప్పు పేరుకున్న ముదురాకు రాలడం చెట్టుకు ఒకరకంగా లాభమే. పిందె రాలితేనే మనకు కడుపుమంట.

ఇక సాలిసిలిక్ ఆమ్లం. ఇదీ మొక్కలో సహజంగా ఉండేదే. ఉప్పు దెబ్బకు కణాల్లో పుట్టే హానికరమైన ఆక్సిజన్ రూపాలను విరిచే ఎంజైములను ఇది చురుకు చేస్తుంది. మట్టిలోని ఉప్పును మాత్రం తీయదు. కాబట్టి ముందు మంచినీళ్లు లేదా వాననీళ్లు మెల్లగా, అడుగు రంధ్రం నుంచి బాగా కారేదాకా రెండు మూడు విడతలు పోయాలి. కారిన నీళ్ల టీడీఎస్ ప్రతి విడతా రాసుకోండి. అంకె దిగుతుంటేనే ఉప్పు పోతున్నట్టు.

తర్వాత స్ప్రే. లీటరు నీళ్లకు సాలిసిలిక్ ఆమ్లం పొడి 70 మిల్లీగ్రాములు. వంటింటి త్రాసు ఇంత తక్కువ తూకం చూపదు. 0.1 గ్రాము దాకా తూచే చిన్న త్రాసుతో 0.7 గ్రాములు తూచి 10 లీటర్లకు కలపండి. పొడి చన్నీళ్లలో తొందరగా కరగదు, ముందు గ్లాసెడు వేడినీళ్లలో కలియబెట్టండి. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ మాత్ర నూరి వేయొచ్చా అని మా పక్కింటి పిన్నిగారు అడిగారు. వద్దు, అందులో ఉండేది వేరే రూపం, పైగా ఇంకేవో కలిసి ఉంటాయి. మోతాదు పెంచితే ఆకు కాలుతుంది. ఎండ తగ్గాక, ముందు ఒక కొమ్మకే కొట్టి మూడు రోజులు ఆగండి.

ఇంటిపని: ఒకే వయసున్న రెండు నిమ్మకుండీలుంటే రెండింటికీ ఒకే నీళ్లు పోసి, ఒకదానికే స్ప్రే చేయండి. ఈరోజున్న చివరి ఆకుకు దారం కట్టండి. నెల తర్వాత దారానికి పైన వచ్చిన కొత్త ఆకులనే పోల్చండి. మాడిన పాత కొసలు మళ్లీ పచ్చబడవు, వాటిని లెక్కలోకి తీసుకోకండి.